గుంతలో పడి బండి పాడైందా? తిరుపతి, చిత్తూరుల్లో పరిహారం అడిగే పద్ధతి

మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే: "గుంతలో పడి రిమ్ము వంగింది, టైరు పగిలింది. ఈ ఖర్చు ఎవరినైనా అడగొచ్చా?" అడగొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీని అడగొచ్చు, రోడ్డు బాగోగులు చూడాల్సిన సంస్థనూ అడగొచ్చు. మన దగ్గర దీనికంటూ ప్రత్యేకమైన ఫారం గానీ కౌంటర్ గానీ లేదు. అందుకే చాలామంది మొదటి రోజే వదిలేస్తారు. కాగితాలు సరైన వరుసలో కూడగట్టుకుంటే దారి ఉంది.

వరుస చాలా ముఖ్యం. బండిని షెడ్డుకు తోలేశాక ఫోటోలు గుర్తొస్తే సగం కేసు పోయినట్టే.

## 1. బండి కదిలించక ముందు

మనుషులకు దెబ్బ తగిలితే ముందు 108కి ఫోన్ చేయండి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. అందరూ క్షేమంగా ఉంటే హజార్డ్ లైట్లు వేసి, వెనక వచ్చేవాళ్లకు కనిపించేలా ఏదైనా అడ్డం పెట్టి, ఫోన్ బయటికి తీయండి.

- గుంత, బండి రెండూ ఒకే ఫ్రేములో వచ్చేలా దూరం నుంచి ఒక ఫోటో.
- చుట్టుపక్కల గుర్తు ఒకటి కనిపించాలి: షాపు బోర్డు, కరెంటు స్తంభం నంబరు, కిలోమీటరు రాయి, ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు.
- గుంత లోతు తెలిసేలా టేపు పెట్టి ఒకటి. టేపు లేకపోతే లీటరు నీళ్ల బాటిల్ నిలబెట్టండి. నీళ్లు నిండి ఉంటే కర్ర దించి, తడిసిన మేర చూపించండి.
- దెబ్బతిన్న భాగాల దగ్గరి ఫోటోలు, నంబర్ ప్లేటు ఫోటో.
- ఆగకుండా తీసిన ఒక నిమిషం వీడియో. తేదీ, సమయం, స్థలం మీరే గట్టిగా చెప్పండి.
- హెచ్చరిక బోర్డు, బారికేడ్, వీధి దీపం లేకపోతే, లేవని తెలిసేలా ఆ చోటంతా కలిపి ఒక ఫోటో.

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో లొకేషన్ వివరాలు సాధారణంగా మిగలవు కాబట్టి అసలు ఫైలును ఫోన్‌లోనే ఉంచి, డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి. కేసు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి. అసలు ఫోన్, అసలు ఫైలు ఉంటే ఆ పని తేలిక.

పక్కన టీ కొట్టాయనో పంచర్ షాపాయనో చూసి ఉంటే పేరు, నంబరు తీసుకోండి. "అన్నా, ఇక్కడ ఇంతకుముందు ఎవరైనా పడినారా?" అని ఒక్క మాట అడగండి. ఆ జవాబు తర్వాత చాలా పనికొస్తుంది, ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను. షాపు సీసీ కెమెరా రోడ్డు వైపు ఉంటే ఆ రోజే ఫుటేజీ అడగండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది, అది ఎన్నాళ్లకన్నది షాపుకో రకం.

ఇంజిన్ విషయంలో జాగ్రత్త. కారు అడుగు భాగం గట్టిగా తగిలితే వంగి కిందికి చూడండి. ఆయిల్ కారుతుంటే ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పగిలినట్టు. అప్పుడు స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ బండి పిలిపించండి. గుంత వల్ల ఛాంబర్ పగిలితే ఇన్సూరెన్స్ ఇస్తుంది. పగిలిన ఛాంబర్‌తో నడిపి ఇంజిన్ పట్టేస్తే, అది మీరు నడపడం వల్ల వచ్చిన నష్టమని ఇంజిన్ ఖర్చు తోసిపుచ్చుతుంది. నీళ్లలో ఆగిపోయిన ఇంజిన్‌ను మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసినా అంతే.

## 2. అదే రోజు: పోలీస్ ఎంట్రీ, ఇన్సూరెన్స్ కబురు

బండి మాత్రమే పాడైతే ఎఫ్ఐఆర్ కోసం పట్టుబట్టక్కర్లేదు. ఆ ప్రాంతపు స్టేషన్‌లో ఒక పేజీ అర్జీ ఇచ్చి, జనరల్ డైరీలో ఎంట్రీ వేయమని అడిగి, మీ కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఎవరికైనా గాయమైతే మాత్రం ఎఫ్ఐఆర్, ఆసుపత్రి రికార్డు రెండూ తప్పనిసరి.

ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే ఫోన్ లేదా యాప్ ద్వారా తెలియజేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు రిపేరు మొదలుపెట్టొద్దు. "రేపు పని ఉంది, ఈ రోజే కట్టేయండి" అని మెకానిక్‌ను తొందరపెట్టి తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ. పాత రిమ్ము, పగిలిన టైరు పారేయించొద్దు.

## 3. ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది, తీసుకోవాలా వద్దా

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ గానీ విడిగా ఓన్ డ్యామేజ్ పాలసీ గానీ ఉండాలి.

కోత ఎలా పడుతుందో తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. మామూలు పాలసీలో:

- రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, ట్యూబులు, బ్యాటరీకి 50 శాతం తరుగు.
- ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం, అద్దాలకు తరుగు లేదు.
- లోహపు భాగాలకు బండి వయసును బట్టి. రెండు నుంచి మూడేళ్ల బండికి 15 శాతం, మూడు నుంచి నాలుగేళ్లకు 25 శాతం, అయిదు దాటితే పదేళ్ల దాకా 40 శాతం.
- ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మీ జేబులోంచి పెట్టుకోవాల్సింది: 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000, టూవీలర్‌కు 100.

టైరు ఒక్కటే పగిలితే మామూలు పాలసీ ఇవ్వదు. టైరుతో పాటు బండిలో మరో భాగం కూడా దెబ్బతిని ఉండాలి. రిమ్ము సొట్ట పడిందా, లింక్ రాడ్ వంగిందా అన్నది సర్వేయర్ ముందే చూపించండి. అలైన్‌మెంట్ రిపోర్టు తీయిస్తే కంటికి కనిపించని వంపు కూడా కాగితం మీదికి వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. మూడున్నరేళ్ల వయసున్న 1200 సీసీ కారు. రిమ్ము 7,000, టైరు 6,000, లేబర్ 1,500, మొత్తం 14,500. రిమ్ముకు 25 శాతం పోతే 5,250, టైరుకు సగం 3,000, లేబర్ పూర్తిగా 1,500. కూడితే 9,750. అందులో 1,000 తీసేస్తే చేతికొచ్చేది 8,750. మీ జేబులోంచి 5,750.

ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడాలి. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్లకు ఇప్పుడు 35 శాతం ఉంటుంది, వచ్చే రెన్యువల్‌లో 45 కావాలి. క్లెయిమ్ చేస్తే అది సున్నా అవుతుంది. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకుంటే, వచ్చే ఏడే 4,050 ఎక్కువ కట్టాలి. ఆ తర్వాతి ఏళ్లలోనూ తేడా నడుస్తుంది. అంటే 8,750లో నిజంగా మిగిలేది చాలా తక్కువ. నా సలహా ఇది: బిల్లు ఈ స్థాయిలో ఉంటే ఇన్సూరెన్స్ వదిలేసి మొత్తం సొమ్మును రోడ్డు సంస్థను అడగడం గురించి ఆలోచించండి. ఛాంబర్, సస్పెన్షన్ లాంటి పెద్ద దెబ్బ అయితే మాత్రం ఇన్సూరెన్స్ ముందు.

జీరో డిప్రీసియేషన్ పాలసీ ఉంటే తరుగు కోత పెద్దగా ఉండదు, టైర్ల విషయంలో షరతులు చదువుకోండి. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్ట్ ఉంటే పై లెక్కే మారిపోతుంది.

## 4. రోడ్డు ఎవరిది? ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు

ఒకే దారిలో మూడు సంస్థల రోడ్లు కలుస్తాయి. తప్పు ఆఫీసుకు అర్జీ ఇస్తే "మాది కాదు" అని చెప్పడానికే నెల గడిచిపోతుంది.

- నగరం లోపలి వీధులు: తిరుపతి నగరపాలక సంస్థ, చిత్తూరు నగరపాలక సంస్థ. అర్జీ కమిషనర్ పేరుతో.
- జాతీయ రహదారులు: పూతలపట్టు–తిరుపతి 140, మదనపల్లె–తిరుపతి–నాయుడుపేట 71, చిత్తూరు–పలమనేరు 69, పీలేరు–చిత్తూరు 40. కొన్ని ముక్కలు జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ చూస్తుంది, కొన్ని రోడ్లు భవనాల శాఖలోని జాతీయ రహదారుల విభాగం.
- రాష్ట్ర, జిల్లా రోడ్లు: రోడ్లు భవనాల శాఖ. అర్జీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు.
- పల్లె రోడ్లు: పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం.
- తిరుమల ఘాట్ రోడ్లు: టీటీడీ ఇంజినీరింగ్ విభాగం. అలిపిరిలో కట్టిన టోల్ రశీదు దాచుకోండి.

కిలోమీటరు రాయి పైభాగం రంగు చూస్తే సగం తెలిసిపోతుంది. పసుపు జాతీయ రహదారి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారి, నలుపు లేదా నీలం జిల్లా లేదా నగర రోడ్డు, నారింజ పల్లె రోడ్డు.

అది గుంత కాదు, డ్రైనేజీకో కేబుల్‌కో తవ్వి సరిగా పూడ్చని గాడి అయితే తవ్విన కాంట్రాక్టరు, తవ్వించిన సంస్థ కూడా బాధ్యులే. రోడ్డు కటింగ్‌కు అనుమతి ఎవరికిచ్చారో రికార్డు ఉంటుంది.

పక్కాగా తేల్చుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. ఇవి అడగండి:

- ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా రోడ్డు నిర్వహణ ఏ ఆఫీసుది?
- చివరిసారి రోడ్డు వేసిన తేదీ, కాంట్రాక్టరు పేరు, లోపాల బాధ్యత గడువు (రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ఎప్పటిదాకా?
- గత ఏడాదిలో ఈ చోట గుంతల గురించి వచ్చిన ఫిర్యాదులు, వాటి మీద తీసుకున్న చర్యల కాపీలు.
- ప్రమాదం జరిగిన నెలలో సిబ్బంది చేసిన తనిఖీ రికార్డు.

మూడో ప్రశ్న చాలా కీలకం. గుంత ఉండటం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. ఉందని ముందే తెలిసీ పట్టించుకోలేదని చూపించాలి. పాత ఫిర్యాదులు, ఆ రోడ్డు మీద పేపర్లో వచ్చిన వార్త కటింగు, "పోయిన వారం కూడా ఒకతను పడినాడు" అన్న టీ కొట్టాయన మాట అందుకే అవసరం.

## 5. ఫిర్యాదు నంబరు సంపాదించండి

నోటీసుకు ముందే అధికారికంగా ఒక ఫిర్యాదు నమోదు కావాలి.

- జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్, లేదా రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫోటోతో.
- రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఏదైనా 1100కి ఫోన్, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ.
- నగరంలో అయితే కార్పొరేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు తీసుకోవడం మేలు.

రెండు విషయాలు విడివిడిగా రాయండి: గుంత పూడ్చండి, నా నష్టం చెల్లించండి. కలిపి రాస్తే గుంతలో కంకర పోసి "సమస్య పరిష్కరించాం" అని ఫిర్యాదు మూసేస్తారు. అలా మూసినా నిరాశపడొద్దు. పూడ్చిన తర్వాత ఫోటో తీసి ఫైల్లో పెట్టండి. అక్కడ గుంత ఉండేదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

## 6. నష్టం లెక్క, నోటీసు

ఇన్సూరెన్స్ ఇచ్చిన సొమ్మును మళ్లీ రోడ్డు సంస్థను అడగకూడదు. కంపెనీ చెల్లించిన మేరకు ఆ హక్కు కంపెనీకి పోతుంది. మీరు అడగాల్సింది మీ జేబులోంచి పోయింది. పై ఉదాహరణలో క్లెయిమ్ తీసుకుని ఉంటే 5,750, దానికి తోడు కారు షెడ్డులో ఉన్న రోజుల ఆటో ఖర్చు రశీదులుంటే అది. క్లెయిమ్ తీసుకోకపోతే మొత్తం 14,500. ట్యాక్సీ, ఆటో నడిపేవాళ్లయితే ఆదాయ నష్టం కూడా కలపొచ్చు, అయితే అంతకుముందు నెలల సంపాదనకు యాప్ రికార్డో బ్యాంకు స్టేట్‌మెంటో ఉండాలి.

బిల్లులు జీఎస్టీ నంబరుతో తీసుకోండి. మెకానిక్‌ను ఒక చిన్న లేఖ అడగండి: "ఈ దెబ్బ గుంత లాంటి గట్టి తాకిడి వల్ల వచ్చింది, పాత అరుగుదల కాదు" అని, సంతకం, షెడ్డు ముద్రతో.

నోటీసు ఇలా రాయండి:

*శ్రీయుత కమిషనర్ గారికి, తిరుపతి నగరపాలక సంస్థ.*
*విషయం: రోడ్డు మీద గుంత వల్ల వాహనానికి జరిగిన నష్టానికి పరిహారం కోరుతూ నోటీసు.*
*అయ్యా, ... తేదీన ... గంటలకు ... రోడ్డులో, ... ఎదురుగా, సుమారు ... అంగుళాల లోతు గుంతలో నా వాహనం (నంబరు ...) పడి దెబ్బతిన్నది. అక్కడ హెచ్చరిక బోర్డు గానీ బారికేడ్ గానీ లేదు. ఈ గుంత గురించి ప్రమాదానికి ముందే ... తేదీన వచ్చిన ఫిర్యాదు (నంబరు ...) వల్ల మీ కార్యాలయానికి తెలుసు. రోడ్డును సురక్షితంగా ఉంచడంలో జరిగిన నిర్లక్ష్యం వల్ల నాకు ... రూపాయల నష్టం కలిగింది. వివరాలు జతచేశాను. ఈ నోటీసు అందిన రెండు నెలల్లోగా చెల్లించగలరు. లేనిపక్షంలో చట్టపరమైన చర్య తీసుకుంటాను.*

కోపం, తిట్లు, రాజకీయం ఒక్క ముక్క కూడా వద్దు. జిరాక్సులు జతచేసి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి.

రెండు నెలలు ఎందుకంటే, ప్రభుత్వం మీద సివిల్ దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం అంత గడువు ఇవ్వాలి. దావాకూ గడువులున్నాయి. చట్టం అప్పగించిన పని చేయకపోవడం మీద వేసే దావాకు ఏడాదే ఉంటుందన్న వాదన రావచ్చు. మునిసిపల్ కార్పొరేషన్ అయితే ఆరు నెలల లోపే కోర్టుకు వెళ్లేలా లెక్క పెట్టుకోండి. అందుకే ప్రమాదం జరిగిన నెలలోనే నోటీసు వెళ్లాలి. సమాచార హక్కు జవాబు కోసం ఆగొద్దు, రెండూ ఒకేసారి నడవనివ్వండి.

## 7. జవాబు రాకపోతే ఎటు వెళ్లాలి

టోల్ కట్టిన రోడ్డు అయితే: వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టి సేవ తీసుకున్నారు కాబట్టి, సేవాలోపం అని వాదించవచ్చు. గాదంకి టోల్‌ప్లాజా దాటి పూతలపట్టు దారిలో టైరు పోయిందనుకోండి, ఆ ఫాస్టాగ్ కోత మెసేజే మీ రశీదు. గడువు రెండేళ్లు. సేవకు మీరు చెల్లించిన మొత్తం (ఇక్కడ టోల్) 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కాబట్టి తిరుమలకు వచ్చి దారిలో నష్టపోయిన హైదరాబాద్ బంధువులు మళ్లీ ఇక్కడికి రానక్కర్లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

నగర వీధుల విషయంలో ఈ దారి సాధారణంగా పనిచేయదు. "ఇంటి పన్ను, రోడ్డు ట్యాక్స్ కడుతున్నాం కదా" అనే వాదన న్యాయంగా తోస్తుంది గానీ, పన్నును సేవకు చెల్లించిన ధరగా కమిషన్లు చూడవు.

చిన్న మొత్తం, నగరపు రోడ్డు అయితే: లోక్ అదాలత్. కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార కమిటీలో కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు ఇవ్వవచ్చు. ఫీజు లేదు. అవతలి సంస్థను పిలిపిస్తారు. ఏడెనిమిది వేల రూపాయలకు సివిల్ దావా వేస్తే ఖర్చే ఎక్కువ, కాబట్టి నేను ఈ దారే సిఫారసు చేస్తాను. వివరాలకు 15100కి ఫోన్ చేయండి.

పెద్ద మొత్తం అయితే: సివిల్ కోర్టు. ఇక్కడ లాయరు కావాలి. ఏళ్లు పట్టొచ్చు, అది తెలిసే దిగండి.

ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరిస్తే: ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ గురించి కూడా చాలామంది అడుగుతారు. రోడ్డు ప్రమాణాలు పాటించని సంస్థకో కాంట్రాక్టరుకో లక్ష దాకా జరిమానా అందులో ఉంది, నిజమే. కానీ అది ప్రాణం పోయినా, వైకల్యం వచ్చినా వర్తించేది. ఆ సొమ్ము ప్రభుత్వ నిధికి పోతుంది, మీ చేతికి రాదు. బండి రిపేరు నోటీసులో దాన్ని రాసి ప్రయోజనం లేదు. అలాగే 2025 అక్టోబరులో గుంతల బాధితులకు బొంబాయి హైకోర్టు ఖరారు చేసిన పరిహారం మరణాలకు, గాయాలకు, అదీ మహారాష్ట్రలో.

## 8. కేసు బలహీనపడే చోట్లు

| అవతలివాళ్లు అనేది | మీ దగ్గర ఉండాల్సింది |
|---|---|
| "బండి అతివేగంగా వచ్చింది" | డ్యాష్‌క్యామ్ వీడియో లేదా సాక్షి మాట |
| "టైర్లు ముందే అరిగిపోయాయి" | టైరు గాడి లోతు ఫోటో, కొన్న బిల్లు |
| "ఈ దెబ్బ ఇంకెక్కడో తగిలింది" | అక్కడే తీసిన వీడియో, అదే రోజు పోలీస్ ఎంట్రీ |
| "గుంత గురించి మాకు తెలియదు" | పాత ఫిర్యాదులు, వార్త కటింగు |
| "కాంట్రాక్టరుదే బాధ్యత" | నోటీసు ఇద్దరికీ పంపిన రుజువు |

లైసెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఆ తేదీకి చెల్లుబాటులో ఉండాలి. పక్కనున్న బండి గుంతను తప్పించబోయి మిమ్మల్ని గుద్దితే అది వేరే దారి: ఆ బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్.

## 9. డబ్బు ఇస్తామన్నప్పుడు

సెటిల్‌మెంట్ కాగితం మీద "పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అని ఉంటే, సంతకం చేశాక మిగతా సొమ్ము అడగడం చాలా కష్టం. తక్కువ ఇస్తున్నారనిపిస్తే "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను, మిగతా మొత్తంపై నా హక్కు ఉంది" అని చేత్తో రాసి సంతకం పెట్టండి, ఆ కాగితం ఫోటో తీసుకోండి. అలా రాయనివ్వకపోతే అదే మాట ఆ రోజే ఈమెయిల్‌లో పంపండి. లోక్ అదాలత్‌లో మాత్రం ఇది కుదరదు. అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు, కాబట్టి అంకె నచ్చకపోతే సంతకం చేయకుండా లేచి రండి. సివిల్ కోర్టు దారి అప్పటికీ తెరిచే ఉంటుంది, గడువు దాటనంత వరకు.